చౌరస్తాకు ఏది మేలు: రోటరీనా, సిగ్నలా, ఫ్లైఓవరా?

కాజీపేట నుంచి హన్మకొండ మీదుగా వరంగల్ పోయే రోడ్డును ఎంత వెడల్పు చేసినా బండ్లు ఆగేది చౌరస్తాల్లోనే. అదాలత్, అశోకా, హన్మకొండ చౌరస్తా, ఎంజీఎం ఆసుపత్రి, పోచమ్మమైదాన్‌లలో ఎక్కడ ఇరుకైతే మొత్తం రోడ్డు సత్తా అంతే. కార్పొరేషన్ దగ్గరున్న డబ్బు ముందు అక్కడే పడాలి. దేని మీద పెట్టాలన్నదే తేలాలి.

అందరూ అడిగేది ఫ్లైఓవరే. కింద 5.5 మీటర్ల ఖాళీ, దూలం మందం కలిపితే సుమారు 7 మీటర్ల ఎత్తు. 30కి 1 వాలుతో ఎక్కాలంటే ఒక్కో వైపు 210 మీటర్ల ర్యాంపు కావాలి. నాలుగు వరసల వంతెనకు 17 మీటర్లు, రెండు పక్కలా సర్వీసు రోడ్డు, ఫుట్‌పాత్‌లకు మరో 15. వంద అడుగుల రోడ్డంటే 30 మీటర్లే కదా, ఇక దుకాణాలు కూల్చాల్సిందే. పైగా వంతెన ఊరు దాటిపోయే బండికి పనికొస్తుంది. ఇక్కడ ఎక్కువ మంది ఎంజీఎంకో, బస్టాండుకో, బజారుకో వచ్చి ఆగేవాళ్లే. వంతెన దిగిన బండి తర్వాతి చౌరస్తాలో మళ్లీ వరసలో నిలబడుతుంది. ములుగు, భూపాలపల్లి వైపు పోయే లారీలకైతే ఊరి బయటి రింగు రోడ్డే దారి. రైలు పట్టాల దగ్గర మాత్రం వంతెన అవసరమే.

రోటరీ అంటే మధ్యలోని గుండ్రం చుట్టూ బండ్లు ఆగకుండా తిరిగిపోయే కూడలి. దానికి కరెంటు అక్కర్లేదు, రద్దీ తక్కువున్నప్పుడు ఇంజన్ ఊరికే మండదు. కానీ దాని హద్దు గంటకు సుమారు 3,000 పీసీయూ, అదీ అన్ని దిక్కులూ కలిపి. కారును ఒకటిగా పెట్టుకొని లెక్కగట్టే కొలత ఇది. రద్దీలో పదో వంతు దాటితే బైకు 0.75, ఆటో 2, బస్సు లేదా లారీ 3.7. బండి లోపలికి తిరిగే వంపు వ్యాసార్థం 20 మీటర్లయితే మధ్య గుండ్రం వ్యాసార్థం 27 దాకా ఉండాలి. చుట్టూ రోడ్డు కలిపితే అడ్డంగా 70 మీటర్లు దాటుతుంది. మన చౌరస్తాల మధ్యలో ఉన్నవి చాలావరకు రోటరీలు కావు, విగ్రహం గద్దెలు. లోపల తిరుగుతున్న బండికి దారివ్వాలన్న నియమం తప్పితే నాలుగు దిక్కులూ ఒకేసారి లాక్ అవుతాయి. శివారు కూడళ్లకు రోటరీ మేలు, నడి ఊరికి కాదు.

మిగిలింది సిగ్నల్. చవకైనదే, కానీ టైమింగ్ తప్పితే పొగ పెంచేది అదే. ఎర్ర లైటు దగ్గర కారు గంటకు 0.6 లీటర్ చొప్పున పెట్రోలు తాగుతుందనుకుంటే 90 సెకన్లకు 15 మిల్లీలీటర్లు. గంటలో వెయ్యి కార్లు అలా ఆగితే 15 లీటర్లు, అంటే 35 కిలోల కార్బన్ డయాక్సైడ్.

సైకిల్ కాలానికి, అంటే అన్ని దిక్కులకూ ఒక్కోసారి పచ్చపడి మళ్లీ మొదటికి వచ్చే సమయానికి, పాత సూత్రమే చాలు. ఒక్కో ఫేజ్‌కు, అంటే పచ్చ ఇచ్చే ఒక్కో వంతుకు, 4 సెకన్లు వృథా అవుతాయనుకోండి. వృథా అయ్యే మొత్తం సెకన్లను ఒకటిన్నరతో గుణించి 5 కలిపి, ఒకటిలోంచి రద్దీ నిష్పత్తి (ఒక్కో ఫేజ్‌లో వచ్చే బండ్లను, పచ్చ ఆగకుండా ఉంటే ఆ దారిలో పోగలిగే బండ్లతో భాగించి, అన్నీ కూడినది) తీసేయగా మిగిలినదానితో భాగించాలి. నాలుగు ఫేజ్‌లు, నిష్పత్తి 0.75 అయితే 116 సెకన్లు. కుడి మలుపును ముందున్న యూటర్న్‌కు పంపి ఫేజ్‌లను రెండు చేశామనుకోండి. నిష్పత్తి 0.6కు దిగితే 43 సెకన్లే. రద్దీ ఎక్కువని 180 సెకన్లు పెట్టేస్తే వరస పొడుగవుతుంది, వెనకనున్న కూడలి మూసుకుపోతుంది.

అన్నిటికన్నా చవకైన మందు పార్కింగ్ తీసేయడం. 10.5 మీటర్ల దారిలో పచ్చలైటు గంటకు, అంటే గంటసేపూ పచ్చే ఉంటే, సుమారు 5,500 పీసీయూ పోతాయి. ఓ వరస కార్లు 2.5 మీటర్లు మింగితే 4,200. దాదాపు నాలుగో వంతు పోయినట్టే! ఆటో స్టాండు, బస్టాపు కూడలికి 75 మీటర్ల అవతలికి జరపాలి. ఫ్రీ లెఫ్ట్ మూలన ఆటో నిలబడితే అది ఫ్రీ ఎలా అవుతుంది?

తర్వాత పక్కపక్క సిగ్నళ్లను కలపాలి. 600 మీటర్ల ఎడం, గంటకు 30 కిలోమీటర్ల వేగం అనుకుంటే రెండోది 72 సెకన్లు ఆలస్యంగా పచ్చపడాలి. అన్నిటికీ ఒకే సైకిల్ కాలం ఉండాలి, లేకపోతే ఈ లెక్క రెండో రౌండుకే చెదిరిపోతుంది. మధ్యలో ఓ కానిస్టేబుల్ మాన్యువల్‌కు మార్చినా అంతే. బండ్లను పసిగట్టే వైరు సెన్సర్లు రోడ్డులో పాతితే డ్రైనేజీ తవ్వకాల్లో తెగుతాయి, స్తంభం మీది కెమెరా నయం.

ఎంజీఎం దగ్గర అంబులెన్సుకు పచ్చ ఇచ్చే ఏర్పాటు ఉండాలి. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి వచ్చే నెలలకు ఒక టైమింగ్, సద్దుల బతుకమ్మ సాయంత్రానికి ఒకటి, రెండేళ్లకోసారి మేడారం జాతరకు ఇంకొకటి సిగ్నల్‌ను నడిపే కంట్రోలర్‌లో ముందే ఎక్కించి పెట్టుకోవాలి. అన్నిటికీ ముందు, పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 8 వరకు 15 నిమిషాల చొప్పున బండ్లు లెక్కించాలి. ఆ కాగితం లేకుండా టెండరు పిలవొద్దు.