కాలం చేసిన మేస్త్రీ పెట్టెలోంచి వచ్చిన ఐదో నంబరు రందా: ఏళ్లు వాడాక

రందా అంటే చెక్కను చిత్రిక పట్టే పనిముట్టు. స్టాన్లీ కంపెనీ చేసిన ఈ ఐదో నంబరు రందాలో నన్ను కట్టిపడేసింది దాని పైరేకు. బ్లేడు మీద బిగించే ఆ వంపు రేకును కొనేవాళ్లు చూడరు, అమ్మేవాళ్లు చూపించరు. కాలం చేసిన ఒక వడ్రంగి మేస్త్రీ ఇంటివాళ్ల దగ్గర నేరుగా కొన్నది ఇది. ఉలులు, రంపాలు, చెక్కను బిగించి పట్టే శికంజాలు అప్పటికే ఇనుము లెక్కన కాటా ఎక్కేశాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

చాలా కొత్త రందాల్లో పైరేకు అంచు బ్లేడుకు సరిగ్గా ఆనదు. వెలుతురుకు ఎత్తి చూస్తే మధ్యలో సన్నటి సందు కనిపిస్తుంది. అందులోకి పొట్టు దూరి, కాసేపు చిత్రిక పట్టేసరికి నోరు, అంటే అడుగున బ్లేడు బయటికి వచ్చే చీలిక, పూడుకుపోతుంది. దీంట్లో ఆ సందే లేదు. పైగా రేకు ముందు అంచును సుమారు 50 డిగ్రీల వాలుకు రాయి మీద నూరి, అద్దంలా మెరుగు పెట్టి ఉంచారు ఆ పెద్దాయన. దాన్ని బ్లేడు పదునుకు 0.3 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు విజిటింగ్ కార్డు మందమంత వెనక్కి బిగిస్తే, టేకులో ముడి చుట్టూ ఎదురు తిరిగే నార కూడా పేళ్లు లేవకుండా నున్నగా వస్తుంది. లేస్తున్న పొట్టును ఆ నిటారు అంచు అక్కడికక్కడే ముందుకు వంచేస్తుంది కాబట్టి చీలిక చెక్క లోపలికి పాకదు. 1.5 మిల్లీమీటర్ల వెనక్కి పెడితే ఆ గుణం పోతుంది. మరీ 0.1కి తెస్తే తోయడం కష్టం, పొట్టు నలిగి ముడతలు పడుతుంది.

ఇలాంటి పెట్టె ఏ ఇంట్లోనైనా మిగిలిపోతే, అమ్మేముందు మెరిపించాలని మాత్రం చూడొద్దు. గ్రైండరు చక్రానికి పెడితే బ్లేడు అంచు వేడెక్కి నీలం రంగుకు తిరుగుతుంది. అలా తిరిగినంత మేర ఉక్కు మెత్తబడినట్టే, అదంతా నూరి పారేస్తే గానీ పదును నిలవదు. రందా అడుగుకు శాండరు పెడితే అంచులు గుండ్రమైపోతాయి. కిరోసిన్ గుడ్డతో తుడిచి, మెషీన్ ఆయిలు పల్చగా రాస్తే చాలు. పైపైన పట్టిన తుప్పుకు పనితెలిసినవాడు ధర తగ్గించడు.

వెల కట్టేటప్పుడు బ్లేడు బయటికి తీయండి. మధ్య గాడి చివర నుంచి పదును దాకా అంగుళానికి పైగా మిగిలి ఉంటే ఇంకా చాలా ఏళ్లు నడుస్తుంది. తర్వాత బ్లేడు చదును వైపు చూడండి. పదును దగ్గర తుప్పు తిన్న గుంటలుంటే ఎంత నూరినా అంచు మీద నొక్కులు వస్తూనే ఉంటాయి, అప్పుడు కొత్త బ్లేడు ఖరీదు తగ్గించుకోవాలి. ఆపైన నోటికి రెండు పక్కలా పగులుందేమో చూడాలి. పోత ఇనుము, ఒక్కసారి గచ్చు మీద పడితే చాలు. అనుమానమున్న చోట కిరోసిన్ రాసి, పూర్తిగా తుడిచి, సుద్ద పూయండి. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి గీతలా తేలుతుంది. పగిలినదానికి విడిభాగాల ధరే. వెల్డింగ్ చేయిస్తే అడుగు వంకర తిరిగే ప్రమాదం ఎక్కువ.

ఆ విడిభాగాలకూ గిరాకీ ఉంటుంది. ఈ రకం రందాను రూపొందించిన లెనార్డ్ బెయిలీ పేటెంట్లను స్టాన్లీ వాళ్లు 1869లో కొన్నప్పటి నుంచి లోపలి అమరిక పెద్దగా మారలేదు, అందుకని రెండంగుళాల బ్లేడు వేరే కంపెనీదైనా చాలావరకు పడుతుంది. మరల సంగతి వేరు, వాటి చుట్లు మన మెట్రిక్ మరలకు కలవవు. అందుకే పెట్టె అడుగున దొరికే చిన్న ఇత్తడి నట్టును కూడా పారేయకూడదు.

ధర సంగతికొస్తే, సికింద్రాబాద్ రాణీగంజ్ దుకాణాల్లో అదే సైజు కొత్తది ఎంతో కనుక్కుని, అన్ని భాగాలూ ఉంటే అందులో సగం అడగడం నాకు న్యాయంగా అనిపిస్తుంది. హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే జుమేరాత్ బజార్లోనో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో గుత్తగా ఇచ్చేస్తే, కొన్నవాళ్లు మళ్లీ అమ్ముకోవాలి కాబట్టి తక్కువే ఇస్తారు. పనిచేసుకునే వడ్రంగి అంతకన్నా ఎక్కువ పెడతాడు. ఉలులు విడివిడిగా కాక సెట్టుగా అమ్మాలి, లేకపోతే బాగున్నవి పోయి మిగతావి ఉండిపోతాయి. పాత చెక్క రందాలను పొయ్యిలో పెట్టేముందు బ్లేడైనా ఊడదీసి చూడాలి.

పైరేకును ఇంత పొగిడాను గానీ, అడుగు గురించి అంత గట్టిగా చెప్పలేను. స్కేలు ఆనిస్తే నోటి వెనక కొంచెం పల్లం కనిపించింది. తలుపు చట్రాలకు అడ్డం రాలేదు గానీ, రెండు పలకలు అంచుకు అంచు అతికించే పనిలో మధ్యలో సందు వదిలేది. మందపాటి అద్దం మీద 80 నంబరు ఎమరీ కాగితం అంటించి, అడుగున పెన్సిలు గీతలు గీసి, అవి పోయేదాకా రుద్దాల్సి వచ్చింది. బ్లేడును లోపలికి లాగి, బిగించి ఉంచే రుద్దాలి. బిగింపు లేకుండా రుద్దితే, తర్వాత బిగించినప్పుడు ఆకారం మళ్లీ కొద్దిగా మారుతుంది. వెనక పిడి కూడా ఎండాకాలంలో కదులుతుంది. చెక్క ఎండి కుంచించుకుపోతే లోపలి కడ్డీకి నట్టు చివరంటా తగిలిపోయి, పిడిని నొక్కిపట్టదు. ఒక సన్నటి వాషరు వేశాక నిలిచింది.

నా చేతికొచ్చేవి ఎక్కువగా పాత టేకు తలుపులు, కిటికీలు. వాటికి దీన్ని మించింది నా దగ్గర లేదు, కొత్తది ఇస్తానన్నా మార్చుకోను. ప్లైవుడ్, లామినేట్ పనే ఎక్కువున్నవాళ్లకు ఇదే మాట చెప్పలేను. ప్లైవుడ్‌లోని జిగురు పొర బ్లేడును త్వరగా మొద్దుబారుస్తుంది. వాళ్లకు కరెంటు రందాయే సుఖం. నూరడం రానివాళ్లు సగం ధరకు కూడా కొనొద్దు. టేకులో ఇసుక గుణం ఉంటుంది, పని మధ్యలో ఆపి రాయి మీద పెడుతూనే ఉండాలి.