పగటి వెలుగులో నికాన్ ఎస్‌బీ-700: ఏళ్ల వాడకం తరువాత

నికాన్ 2010లో ప్రకటించిన ఎస్‌బీ-700 ఫ్లాష్‌ను నేను డీ750 కెమెరాతో పెళ్లిళ్లలో ఏళ్ల తరబడి వాడుతున్నాను. ఈ సమీక్షను మాత్రం ఎండ ఉండగానే ముఖాలపై నీడను పూడ్చే ఫిల్ ఫ్లాష్‌కే పరిమితం చేస్తున్నాను, ఎందుకంటే దీని అసలు విలువ నాకు అక్కడే కనిపించింది.

పగటి ముహూర్తంలో వధూవరులు షామియానా నీడలో కూర్చుంటారు, వెనుక మాత్రం ఎండ మండిపోతుంటుంది. కెమెరా ఫ్రేమ్ మొత్తం వెలుగును కొలిచే మ్యాట్రిక్స్ మీటరింగ్ ఉన్నంతసేపు ఈ ఫ్లాష్ టీటీఎల్-బీఎల్ (లెన్స్ గుండా వచ్చే వెలుగును కొలిచి, పరిసరాలతో సరితూచే) పద్ధతిలో పనిచేస్తూ, వెనుక వెలుగును లెక్కలోకి తీసుకొని ముఖాలకు కావలసినంతే కలుపుతుంది. ఒక చిన్న భాగాన్నే కొలిచే స్పాట్ మీటరింగ్‌కు మార్చగానే అది మామూలు టీటీఎల్‌గా మారి, మనిషి ఒక్కడినే చూసి వెలుగు పోస్తుంది. ఇందుకు ఫ్లాష్ మీద విడిగా మీట లేదు కనుక కెమెరా మీటరింగ్ మీద ఒక కన్నేసి ఉంచాలి. బీఎల్ లెక్క కూడా నా కంటికి కాస్త ఎక్కువే. ఫ్లాష్ వెలుగును మైనస్ 1 నుంచి మైనస్ 1.7 స్టాపుల వరకు (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది) తగ్గిస్తేనే మధుపర్కాల నేత తెలుపులో కలిసిపోకుండా నిలుస్తుంది, ఫ్లాష్ వేసినట్టూ తెలియదు.

సింక్ వేగం (ఫ్లాష్‌తో మామూలుగా వాడగల అత్యధిక షటర్ వేగం) దాటనంతవరకు షటర్ ఫ్లాష్ వెలుగును తాకదు, పరిసరాల వెలుగును మాత్రమే మారుస్తుంది. అందుకే వెనుక దృశ్యం ముదరాలన్నా తేలికపడాలన్నా నేను ముట్టుకునేది షటర్‌నే.

శక్తి విషయానికి వస్తే, 35 మి.మీ. జూమ్ వద్ద, ఐఎస్ఓ (కెమెరా వెలుగు గ్రహించే సున్నితత్వం) 100కి దీని గైడ్ నంబర్ 28 మీటర్లు. దాన్ని ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) సంఖ్యతో భాగిస్తే పూర్తి శక్తితో ఫ్లాష్ చేరే దూరం వస్తుంది. నడినెత్తిన ఎండలో ఐఎస్ఓ 100, సెకనులో 200వ వంతు పెడితే ఎపర్చర్ సుమారు ఎఫ్11 దగ్గరకు వస్తుంది. 28ని 11తో భాగిస్తే రెండున్నర మీటర్లు. అంటే ఆ దూరంలో ఎండకు సమానం కావడానికి పూర్తి శక్తి కావాలి, రెండు స్టాపులు తక్కువగా నీడ పూడ్చడానికి మాత్రం నాలుగో వంతు చాలు. జంట ఫొటోలకు ఇది హాయిగా సరిపోతుంది, బంధువులంతా నిలబడే గుంపు ఫొటోకు చాలదు. సింక్ వేగాన్ని దాటి కూడా ఫ్లాష్ వాడనిచ్చే హై స్పీడ్ సింక్‌లో శక్తి బాగా పడిపోతుంది కనుక దగ్గరి ముఖచిత్రాలకే దాన్ని వాడతాను. గోడలూ పైకప్పూ లేని బయలులో ఫ్లాష్ వెంట వచ్చే డోమ్ డిఫ్యూజర్ (తలకు తొడిగే తెల్లటి మూత) వెలుగును నలుదిక్కులా వృథా చేయడమే తప్ప మెత్తబరచదు. దాన్ని సంచిలోనే ఉంచడం మేలు.

నాకు అత్యంత ఇష్టమైనది దీని పసుపు ఫిల్టర్. రాజమహేంద్రవరం గోదావరికి తూర్పు గట్టున ఉంది కాబట్టి ఘాట్ల మీద నదిని వెనుక పెట్టుకొని నిలబడిన జంట వెనుకే సూర్యుడు దిగుతాడు. అప్పుడు ఫ్లాష్ సహజమైన తెలుపు ఆ ఎర్రటి వెలుగులో అతుకులా కనబడుతుంది, ఈ ఫిల్టర్ తొడిగితే ముఖాలు సాయంత్రంలో కలిసిపోతాయి. అయితే ఆటో వైట్ బ్యాలెన్స్‌లో ఉంటే కెమెరా ఫిల్టర్‌ను గుర్తించి ఆకాశాన్ని చల్లబరుస్తుంది, కనుక ముందుగా దాన్ని ఎండ గుర్తుకు మార్చాలి.

నాలుగు ఏఏ బ్యాటరీలకు రీచార్జి చేసే నికెల్ రకమే వాడండి. తలంబ్రాల వంటి జోరులో ఫ్లాష్ అందుకోవాలంటే, పందిరి లోపలి నిండు నీడలో ఐఎస్ఓను 100 నుంచి 400కి పెంచితే అదే ఎపర్చర్‌కు నాలుగో వంతు శక్తితో పని జరుగుతుంది, మెరుపుకూ మెరుపుకూ మధ్య ఎదురుచూపు తగ్గుతుంది.