నడుస్తుండగా ఆగిపోయే కారుకి బ్లూటూత్ స్కానర్: వాడి చూశాక నా మాట

నడుస్తున్న కారు ఉన్నట్టుండి ఆగిపోతోందా? గ్యారేజీలో "అంతా బాగానే ఉంది" అంటున్నారా? అయితే ఈ చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని సమాచారం చదివే పరికరం) కొనుక్కోండి. కోడ్లు (లోపం కనిపిస్తే కారు కంప్యూటర్ నమోదు చేసే గుర్తులు) చదవడం కోసమైతే ఏ స్కానరైనా సరిపోతుంది, దాని కోసం కొనమనడం లేదు. ఇంజిన్ ఆగిన ఆ క్షణంలో ఏం జరిగిందో ఇది ఫోన్‌లో రికార్డు చేసి పెడుతుంది. నాకు పనికొచ్చింది అదే.

మాది మాన్యువల్ గేర్ల పెట్రోల్ కారు. చల్లగా ఉన్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు. చాలాసేపు నడిచి బాగా వేడెక్కాక హఠాత్తుగా ఆఫ్ అయ్యేది. ముందు కుదుపు ఉండదు, పికప్ తగ్గదు. పక్కకి తీసి కాసేపు ఆగితే ఏమీ జరగనట్టు స్టార్టయ్యేది. వెనక సీట్లో అమ్మ, వెనకాల హారన్ కొడుతున్న లారీ, చేతిలో బిగుసుకుపోయిన స్టీరింగ్. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ఇంజిన్ ఆగితే బ్రేకుకి వ్యాక్యూమ్ సాయం కూడా ఒకటి రెండు సార్లు తొక్కేవరకే ఉంటుంది. కాబట్టి వదిలి వదిలి తొక్కకుండా ఒకే ఒత్తిడితో నొక్కి ఉంచండి. హజార్డ్ లైట్లు వేసి పక్కకి తీయండి. కారు కదులుతుండగా తాళంచెవి పూర్తిగా వెనక్కి తిప్పారంటే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది.

గ్యారేజీకి వెళ్తే ప్రతిసారీ ఒకటే మాట. "కోడ్ ఏం రాలేదు మేడమ్, ఫ్యూయల్ పంపు మార్చి చూద్దాం." అంతకుముందు ప్లగ్గులు మార్చి చూశారు, ఫిల్టర్ మార్చి చూశారు. కోడ్ లేనంత మాత్రాన లోపం లేనట్టు కాదు. చాలా లోపాలు వరుసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే కారు కంప్యూటర్ చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. అప్పటిదాకా అవి పెండింగ్ కోడ్లుగానే ఉంటాయి. మళ్లీ కనిపించకపోతే చెరిగిపోతాయి కూడా.

స్కానర్ పెట్టడం తేలిక. డాష్‌బోర్డు కింద, డ్రైవర్ వైపు 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చి ఫోన్‌లో యాప్‌కి కలపడమే. ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు), స్పీడు, కూలెంట్ వేడి, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలుని మామూలుకంటే ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపేది), వోల్టేజి మాత్రమే ఎంచుకున్నాను. అన్నీ ఒకేసారి అడిగితే రీడింగులు బాగా నెమ్మదిస్తాయి. నేను నడుపుతుంటే మా తమ్ముడు పక్కన కూర్చుని ఫోన్ పట్టుకున్నాడు. నడుపుతూ స్క్రీన్ చూసే పని ఎవరూ పెట్టుకోకండి.

కారు వేడెక్కింది, అనుకున్నట్టే ఆగింది. రికార్డు తీసి చూస్తే వోల్టేజి ఎక్కడా పడలేదు, అంటే కరెంటు పూర్తిగా పోలేదు. ఫ్యూయల్ ట్రిమ్ ఆగేదాకా మామూలుగానే ఉంది. ఆర్‌పీఎం మాత్రం రెండు వేల దగ్గర నుంచి ఒక్కసారిగా సున్నాకి వచ్చేసింది. అప్పటికి కారు ఇంకా గేర్‌లోనే ఉంది, నేను క్లచ్ తొక్కలేదు. చక్రాలు తిరుగుతున్నాయంటే వాటితోపాటు ఇంజినూ తిరుగుతున్నట్టే కదా! తిరుగుతున్న ఇంజిన్‌కి సున్నా చూపిస్తోందంటే, తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కి చెప్పేదే మూగబోయిందన్నమాట. అది క్రాంక్ సెన్సర్. దాని సిగ్నల్ లేకపోతే కంప్యూటర్ స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ ఇవ్వదు. పంపు బలహీనపడితే సాధారణంగా ఇలా ఉండదు. ఎత్తు ఎక్కేటప్పుడో, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడో ముందు బండి ముక్కుతుంది, ఆర్‌పీఎం దిగుతూ దిగుతూ పడిపోతుంది.

ఆ రికార్డు ఇంకో మెకానిక్‌కి చూపించాను. ఆయన సెన్సర్ విప్పి, వేడి గాలి పట్టి, మల్టీమీటర్ పెట్టారు. వేడెక్కగానే లోపలి కాయిల్ రీడింగ్ పోయింది, చల్లారాక మళ్లీ వచ్చింది. నా కళ్లముందే చేసి చూపించినందుకు ఆయనంటే ఎంతో గౌరవం కలిగింది. సెన్సర్ మార్చాక కారు మళ్లీ ఆగలేదు. పంపు జోలికి వెళ్లనే లేదు.

మా ఆడపడుచు కారుది వేరే కథ. సిగ్నల్ దగ్గర బ్రేకు వేసి ఆగుతుంటే ఆఫ్ అయ్యేది. అదే స్కానర్ పెడితే, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 20 శాతం దాటి ఉంది. 2500 ఆర్‌పీఎంలో నిలిపితే మామూలుకి దిగింది. ఎటునుంచో కంప్యూటర్ లెక్కలోకి రాని గాలి లోపలికి వస్తోందనడానికి అది మంచి గుర్తు. వెతికితే పగిలిన వ్యాక్యూమ్ గొట్టం దొరికింది. ట్రిమ్ ఇందుకు తిరగబడి, ఐడిల్‌లో బాగుండి వేగం పెంచితే పెరుగుతుంటే అప్పుడు పెట్రోల్ సరఫరాని అనుమానించాలి.

దీనితో కానివీ ఉన్నాయి. చాలా మామూలు పెట్రోల్ కార్లలో ఫ్యూయల్ ప్రెషర్ ఇందులో కనిపించదు, దానికి గేజ్ పెట్టి కొలవాల్సిందే. ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వనిది), ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లాంటివి మాది చదవలేదు. పని అయ్యాక పీకేయాలి, గుచ్చి వదిలేస్తే బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. బ్లూటూత్ అప్పుడప్పుడు తెగిపోయి, ఒకసారి సరిగ్గా కావాల్సిన చోటే రికార్డు ఆగింది. అది బాధ కలిగించింది.

ఐదుకి నాలుగు నక్షత్రాలిస్తున్నాను. ఒకటి తగ్గించింది బ్లూటూత్ కోసం కాదు, దీనితో వచ్చిన కాగితం కోసం. మొదటి పేజీలోనే కోడ్లు చెరిపేయడం ఎలాగో నేర్పుతుంది. చెరిపేస్తే కోడ్‌తోపాటు, లోపం వచ్చినప్పుడు ఎంత స్పీడులో, ఎంత వేడిలో ఉందో దాచుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. ఇది కొన్నవాళ్లు ముందు ఆ ఫ్రీజ్ ఫ్రేమ్‌ని ఫోటో తీసి పెట్టుకోండి, చెరిపే బటన్ జోలికి తర్వాత వెళ్లొచ్చు.