ఎడారి చూడాలంటే రాజస్థాన్‌లోని జైసల్మేర్ మంచిదా, గుజరాత్‌లోని కచ్ మంచిదా?

విశాఖ నుంచి రెండువైపులకూ వారానికొక రైలుంది, ఒకటి గాంధీధామ్‌కు, ఇంకొకటి జోధ్‌పూర్ ఊరి పక్కనే ఉన్న భగత్ కీ కోఠీకి. గాంధీధామ్‌లో దిగితే కచ్‌కు ముఖ్యపట్టణమైన భుజ్ 60 కిలోమీటర్లే. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ అయితే ఇంకో 280 దాకా ఉంటుంది. దూరం లెక్కన కచ్ నయం. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లు జైసల్మేర్‌కే వెళ్లాలంటాను.

ఎడారి అనగానే పిల్లలు ఊహించుకునే ఇసుక, ఒంటెలు, కోట అన్నీ అక్కడే ఉన్నాయి మరి. 1156లో పునాది పడిన ఆ పసుపురాతి కోటలో ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు, పొద్దున్నే వెళ్తే రద్దీ లేకుండా సందులన్నీ తిరగొచ్చు. పాలీవాల్ బ్రాహ్మణులు వదిలేసిపోయిన కుల్ధారా ఊరు దగ్గర్లోనే ఉంది, అక్కడ చెప్పే దయ్యాల కథలకన్నా ఆ గోడల మధ్య నడవడమే బాగుంటుంది. 1971 యుద్ధం మీద ఆసక్తి ఉంటే లోంగేవాలా, తనోట్ మాత గుడి కోసం ఒక రోజు పక్కన పెట్టుకోండి.

ఇసుక దిబ్బల కోసం మాత్రం అందరూ పోయే సమ్ అనే ఊరు వద్దు. జీపులు, డీజేలు, ఫొటోల గోల... ఆ మాత్రానికి ఆదివారం సాయంత్రం ఆర్‌కే బీచ్ చాలదా? ఖూరీ అనే ఇంకో ఊరికి వెళ్లండి, దిబ్బలు అంత పెద్దవి కావు గానీ రాత్రి ఆకాశం చూడనిస్తారు. నడుంనొప్పి ఉన్నవాళ్లు జీపు ఎక్కకండి, ఒంటె అయినా ఎక్కువసేపు వద్దు.

ఇక కచ్. వానాకాలంలో సముద్రపు నీరూ నదుల నీరూ రణ్‌లో, అంటే అక్కడి ఉప్పు ఎడారిలో, నిలిచి, చలికాలానికి ఇంకిపోయి ఉప్పు మిగులుతుంది, అందుకే వానలు ఆలస్యంగా పడిన ఏడాది తొందరపడి వెళ్తే కాళ్లకు బురదే. ఉప్పు చూడ్డానికి అంత దూరమా, శ్రీకాకుళం జిల్లా నౌపడా చాలదా అని మా ఇంట్లో వెక్కిరించారు. నౌపడా ఉప్పుమళ్లకు గట్లుంటాయి, రణ్ అంచున ఉన్న ధోర్డో ఊరి దగ్గర చూపు ఆనినంత మేరా తెలుపే. కానీ అదొక్కటే అయితే గంటలో అయిపోతుంది, పైగా పౌర్ణమి రోజుల్లో టెంట్ల రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి.

కచ్‌కు వెళ్తే కారు మాట్లాడుకుని ఖావడా మీదుగా ధోలావీరా దాకా వెళ్లాల్సిందే. రోడ్డుకు రెండువైపులా రణ్, ఆ చివర హరప్పా కాలపు నగరం, ఆ పొడి నేలలో వాళ్లు నీళ్లు దాచుకున్న రాతి చెరువులు. 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఇదంతా చూసే ఓపికున్నవాళ్లకు జైసల్మేర్ కన్నా కచ్చే గొప్ప, చిన్నపిల్లలతో అయితే విసుగు.

ఎక్కడికైనా నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపే. లంబసింగికి తీసుకెళ్లే స్వెట్టర్లే సర్దుకోండి, రాత్రుళ్లు బాగా చలి. వారానికొక్క రైలే కాబట్టి తిరుగు టికెట్ ఖాయమయ్యాకే టెంటుకు డబ్బు కట్టండి.