వర్ట్ చల్లార్చే సాధనాలు: కొన్న స్టీలు చుట్ట, అరువు తెచ్చిన ప్లేట్ చిల్లర్, చేతులతో చుట్టుకున్న రాగి గొట్టం

డాలస్ శివారులోని మా ఇంటి గరాజులో ఆరేళ్ళుగా బీరు కాచుకుంటున్నాను. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, అంటే మాల్టును, వేడినీళ్ళలో నానబెట్టి తీసిన తియ్యటి రసాన్ని వర్ట్ అంటారు. దాన్ని గంటసేపు మరిగించడం కష్టమైన పని కాదు. మరిగిన ఆ 20 లీటర్ల వర్ట్‌ను ఈస్టు బతికే వేడికి వేగంగా దించడమే కష్టం, అందులోనూ మా ఊళ్ళో, ఆగస్టులో, కుళాయి తిప్పితే 29 డిగ్రీల నీళ్ళు వచ్చే చోట. ఈ పనికి నేను వాడిన మూడు సాధనాల మంచిచెడ్డలు ఇక్కడ రాస్తున్నాను. డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే ఇస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. అమెరికాలో 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల, సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవడానికి ఫెడరల్ పన్ను లేదు. ఒకే పెద్ద ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు దానికి పరిమితి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టాల కింద నేరం కనుక, ఈ రాత ఇక్కడ టెక్సాస్‌లోనూ, ఇలాంటి వేడి రాష్ట్రాల్లోనూ ఉన్న మనవాళ్ళ కోసమని గమనించగలరు.

వేగంగా ఎందుకు చల్లార్చాలి? లేత రంగు మాల్టులో ఎస్‌ఎంఎం అనే పదార్థం ఉంటుంది. వర్ట్ వేడిగా ఉన్నంతసేపూ అది డైమిథైల్ సల్ఫైడుగా మారుతూనే ఉంటుంది. మరుగుతున్నప్పుడు అది ఆవిరితో పాటు పోతుంది, మంట ఆర్పి మూత పెడితే మాత్రం అందులోనే నిలిచి, ఉడికిన మొక్కజొన్న వాసన పట్టిస్తుంది. బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్ పువ్వుల్లోని చేదు కూడా సుమారు 80 డిగ్రీల పైన ఊరుతూనే ఉండటంతో, వాసన కోసం చివర్లో వేసిన హాప్స్ చేదుగా తేలతాయి. ఇక గోరువెచ్చని తీపి రసం కన్నా సూక్ష్మజీవులకు ఇష్టమైన చోటు మరొకటి ఉండదు. త్వరగా చల్లారిన వర్ట్‌లో మాంసకృత్తులు విరిగిన పాలలోని తరకల్లా విడిపోయి అడుక్కు చేరతాయి, పైన తేట మిగులుతుంది. ఆ తరకలు కనబడేదాకా నేను నిశ్చింతగా ఉండలేను.

సాధనం ఎంచుకునేముందు చిన్న లెక్క వేసుకోవడం మంచిది. 20 లీటర్లను 100 నుంచి 20 డిగ్రీలకు దించడానికి తీసేయవలసిన వేడి సుమారు 6,700 కిలోజౌళ్ళు. కిలో మంచు కరగడానికి 334, కరిగిన నీరు 20 డిగ్రీలకు చేరడానికి మరో 84 కిలోజౌళ్ళు పీల్చుకుంటుంది. అంటే మొత్తం పనిని మంచుకే అప్పగిస్తే 16 కిలోలు కావాలి. అదే 38 డిగ్రీల దాకా కుళాయి నీళ్ళతో దించి, అక్కడినుంచి 19కి మాత్రమే మంచు వాడితే లెక్కకు నాలుగు కిలోలు చాలు. కుళాయి నీటి కన్నా చల్లగా వర్ట్‌ను దించడం కుళాయి నీటికి సాధ్యం కాదు. పైగా రెండింటి వేడి దగ్గరపడేకొద్దీ ఒక్కో డిగ్రీ దిగడానికి పట్టే సమయం పెరుగుతూ పోతుంది. మిన్నెసోటాలో చలికాలం కాచుకునేవారికి బ్రహ్మాండంగా పనిచేసిన సాధనం టెక్సాస్ వేసవిలో ఎందుకు చతికిలబడుతుందో తెలియాలంటే ఈ లెక్క ఒక్కటి చాలు.

నేను మొదట కొన్నది 25 అడుగుల స్టెయిన్‌లెస్ స్టీలు చుట్ట, వెలుపలి వ్యాసం 3/8 అంగుళం. ధర తక్కువ, తోమడం తేలిక, చూపుకు అందంగా ఉంటుంది. లోపల చల్లటి నీళ్ళు పారించి, చుట్టను వర్ట్‌లో ముంచి ఉంచాలి. వేసవిలో 38 డిగ్రీలకు దిగడానికి 40 నిమిషాలు పట్టింది, ఆ తరువాత ముల్లు కదలనే లేదు. స్టీలు కన్నా రాగి పాతిక రెట్లు మెరుగ్గా వేడిని ప్రసరింపజేస్తుంది కాబట్టి లోపమంతా స్టీలుదేనని అప్పట్లో అనుకున్నాను. అది పూర్తిగా సరికాదని తరువాత తెలిసింది. గొట్టపు గోడ మిల్లీమీటరు మందం కూడా ఉండదు కనుక లోహం వల్ల వచ్చే తేడా అనుకున్నంత పెద్దది కాదు. అసలు లోటు చాలీచాలని ఉపరితలం, సన్నటి దారి, కదలకుండా నిలిచిన వర్ట్.

తరువాత ఒక మిత్రుడు తన ప్లేట్ చిల్లర్ నెలరోజులు వాడుకోమని ఇచ్చాడు. పలుచటి స్టీలు పలకలను రాగితో అతికించి చేసే ఈ పెట్టె అరచేతికి కాస్త పెద్దదిగా ఉంటుంది. ఒక పక్క నుంచి వర్ట్, ఎదురు దిశలో నీళ్ళు వెళ్తాయి. వేగంలో దీనికి సాటి లేదని ఒప్పుకుంటాను, వర్ట్ ఒక్కసారి లోపలికి వెళ్ళి వచ్చేసరికి దాదాపు నీటి వేడికి దిగిపోతుంది. అయితే హాప్స్ పొట్టు పలకల మధ్య ఇరుక్కుంటుంది. వాడిన వెంటనే వెనకనుంచి నీళ్ళు కొట్టి కడిగాను, శుభ్రమైందని అనుకున్నాను, వారం తరువాత మళ్ళీ కడిగితే గోధుమరంగు పీలికలు బయటికి వచ్చాయి. లోపలికి తొంగిచూసే వీలు లేని వస్తువును నమ్మి, ఆరు గంటల శ్రమను దాని గుండా పారించడం నా మనసుకు ఒప్పలేదు. దానికి పంపు, వడపోత అదనం. గొట్టంలో గొట్టం ఉండే కౌంటర్‌ఫ్లో చిల్లర్ ఇంత త్వరగా పూడుకుపోదు, కానీ కంటికి కనబడని ఇబ్బంది దానికీ ఉంది.

అలా చివరికి రాగి గొట్టం కొని సొంతంగా చుట్టుకున్నాను. కొనేటప్పుడు ఒక సంగతి జాగ్రత్తగా చూసుకోవాలి. ఫ్రిజ్, ఏసీ పనులకు అమ్మే మెత్తటి రాగి గొట్టం కొలత వెలుపలి వ్యాసం, ప్లంబింగ్ గొట్టం పేరులోని కొలత మాత్రం అసలు వెలుపలి వ్యాసం కన్నా 1/8 అంగుళం తక్కువగా ఉంటుంది. అంటే ప్లంబింగ్ వరసలో 3/8 అని రాసి ఉన్నదీ, ఏసీ వరసలో 1/2 అని రాసి ఉన్నదీ వెలుపలి కొలతలో ఒకటే. నేను వెలుపలి వ్యాసం 1/2 అంగుళం ఉన్న 50 అడుగుల చుట్ట తీసుకున్నాను, వంద డాలర్లకు పైనే అయింది. 3/8 గొట్టంతో పోలిస్తే నీరు పారే దారి దాదాపు రెట్టింపు. పాతిక అడుగుల పాత చుట్టతో పోలిస్తే వర్ట్‌ను తాకే ఉపరితలం రెండున్నర రెట్లకు పైగా ఎక్కువ.

చుట్టడానికి ప్రత్యేక యంత్రం అక్కరలేదు. గ్యాలన్ రంగు డబ్బా చుట్టూ ఎనిమిది మెలికలు, నీళ్ళతో నింపిన ఐదు గ్యాలన్ల బకెట్ అడుగుభాగం చుట్టూ పది మెలికలు వేశాను. ఒకటి లోపల, ఒకటి బయట, మధ్యలో గరిటె తిరిగేంత చోటు వదిలాను. మెత్తటి రాగి చేతి బలానికి లొంగుతుంది, కానీ తొందరపడితే ఒక్క క్షణంలో నొక్కు పడి దారి మూసుకుపోతుంది. మెలికలు వేసేటప్పుడు డబ్బాను తిప్పుతూ, బొటనవేలితో గొట్టాన్ని డబ్బాకు ఆనించి అంగుళం అంగుళం నెట్టుకుంటూ పోవాలి. పైకి లేచే రెండు నిలువు కొమ్ముల దగ్గర మలుపు బిగువుగా ఉంటుంది కాబట్టి అక్కడ గొట్టం నొక్కుకుపోకుండా కాపాడే స్ప్రింగ్ బెండర్ అనే తీగచుట్టను తొడిగి వంచాలి. నేను మొదటి కొమ్మును బెండర్ లేకుండా వంచి, నొక్కు పడిన అడుగు ముక్కను కోసి పారేయవలసి వచ్చింది. మెలికల మధ్య అర అంగుళం లోపు సందు ఉంచి, ఇంటి కరెంటు వైరులోని గట్టి రాగి తీగను ఒలిచి, నాలుగు వైపులా అల్లి కట్టాను. సోల్డర్ ఎక్కడా వాడలేదు. ఎవరైనా అతుకు వేయదలిస్తే సీసం లేని సోల్డర్ మాత్రమే వాడాలి, ఆ అతుకు కూడా డేగిశాకు బయటే ఉండాలి.

బయటే ఎందుకో నాకు అనుభవం మీద తెలిసింది. మొదటి కట్టులో కొమ్ముల చివర్లు డేగిశా మీదుగా నిటారుగా ఉండేవి, రబ్బరు గొట్టాలను వాటికే తొడిగి క్లాంపులు బిగించాను. ఒక క్లాంపు వదులైంది. కుళాయి నీటి చుక్కలు రాగి వెంట జారి, చల్లారిన వర్ట్‌లో పడుతున్నట్టు నేను ఆలస్యంగా గమనించాను. మరిగించని నీరు అది. మూడో వారానికి ఆ బీరు పులిసి పుల్లబడింది, అంతా పారబోశాను. ఆ నీళ్ళే కారణమని నా గట్టి నమ్మకం. ఇప్పుడు రెండు కొమ్ములనూ డేగిశా అంచు దాటించి, అంచు కన్నా నాలుగు అంగుళాలు కిందికి వంచాను. అతుకులన్నీ ఆ కింద ఉంటాయి. కారితే నేల మీద కారుతుంది. ఎవరు చేసిన చుట్ట కొన్నా ముందు ఈ వంపు ఉందో లేదో చూడమని నా మనవి.

పనితీరు విషయానికి వస్తే, ఆఖరి పదిహేను నిమిషాలు చుట్టను మరుగుతున్న వర్ట్‌లో ఉంచితే అదే శుద్ధి అవుతుంది. మంట ఆర్పి నీళ్ళు వదిలాక పొడుగుపాటి స్టీలు గరిటెతో రెండు చుట్టల మధ్య నెమ్మదిగా తిప్పుతూనే ఉండాలి. తిప్పితే 38 డిగ్రీలకు 12 నిమిషాలు, ఊరికే వదిలేస్తే 20 నిమిషాలకు పైన పట్టింది. ఖర్చు లేని ఈ పని ఇంత తేడా తెస్తుందని నేను ఊహించలేదు. గొట్టం చుట్టూ చల్లబడిన వర్ట్ ఒక పొరలా నిలబడిపోతే వేడి బయటికి రాదు, గరిటె ఆ పొరను చెదరగొడుతుంది. మూడు చుట్టలకు నీరు సమాంతరంగా పారేలా చేసిన జేడెడ్ బ్రూయింగ్ వారి హైడ్రా వంటివి కొనేవారు కూడా కలపడం మానకూడదు.

38 దగ్గర కుళాయి కట్టేసి, 10 పౌండ్ల మంచు సంచులు రెండు, కొంచెం నీళ్ళు ఉన్న కూలర్‌లో, అంటే చల్లదనం నిలిపే మూతపెట్టెలో, తోట కొలనులకు వాడే చిన్న పాండ్ పంపును ముంచి, దాని గొట్టాన్ని చుట్టకు తగిలిస్తాను. బయటికి వచ్చే నీరు మళ్ళీ కూలర్‌లోకే పోతుంది. ఇంకో 12 నిమిషాల్లో వర్ట్ 19 డిగ్రీలకు వస్తుంది. లెక్క ప్రకారం చాలిన నాలుగు కిలోలకు బదులు రెట్టింపు మంచు ఎందుకంటే, నీరు 19కి ఎగబాకితే దానివల్ల ఉపయోగం ఉండదు, చివరిదాకా బాగా చల్లగా ఉండాలి. మొదటినుంచే పంపు పెట్టడం పొరపాటు: తొలి నిమిషాల్లో చుట్టలోంచి బయటికి వచ్చే నీరు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, మంచంతా క్షణాల్లో హరించుకుపోతుంది. ఆ వేడి నీటిని నేను బకెట్లలో పట్టి గిన్నెలు తోమడానికి వాడతాను, తరువాతి బకెట్లు చల్లారాక కరివేపాకు కుండీలకు పోస్తాను. నీటి ఖర్చు అసలే వద్దనుకునేవారికి ఆస్ట్రేలియాలో చాలామంది పాటించే పద్ధతి ఒకటుంది: వేడి వర్ట్‌ను గాలి లేకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో నింపి, మూత బిగించి, రాత్రంతా దానంతట అదే చల్లారనివ్వడం. హాప్స్ వేసే వేళలు మార్చుకోవాలి, నేను దాన్ని ప్రయత్నించలేదు.

రాగి విషయంలో మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న చిలుము గురించి. రాగిచెంబును చింతపండుతో తోమిన ఇళ్ళలో పెరిగినవారికి ఇది చెప్పనవసరం లేదు. ఆకుపచ్చ చిలుము విషమే, అది కనబడితే చుట్టను వర్ట్‌లో ముంచకూడదు. మామూలుగా పట్టే గోధుమరంగు మసక మాత్రం వేరు. వర్ట్ కాస్త పుల్లదనం గల ద్రవం కాబట్టి ఆ మసకను తనలో కరిగించుకుంటుంది. చుట్ట ముదురు రంగులో లోపలికి వెళ్ళి, కొత్త బిందెలా మెరుస్తూ బయటికి వస్తుంది. ఆ మసక బీరులో కలవకూడదనే ఉద్దేశంతో నేను వాడేముందు చింతపండు పులుసులో పావుగంట నానబెట్టి, మెలికల సందుల్లో గుడ్డ పోనిచ్చి రుద్ది, బాగా కడుగుతాను. చింతపండు మరక ఒక్కటి కూడా మిగలకూడదు. పని అయ్యాక లోపలి నీటిని ఊది పూర్తిగా తీసేయాలి, లేదంటే చలికాలంలో గరాజులో గడ్డకట్టి గొట్టం చీలే ప్రమాదం ఉంది.

శీతాకాలం మాత్రమే కాచుకునేవారికీ, రెండు మూడు గ్యాలన్ల చిన్న మొత్తాలు చేసుకునేవారికీ పాతిక అడుగుల చుట్ట, సింకులో మంచునీళ్ళు సరిపోతాయి, వందల డాలర్లు పెట్టనక్కరలేదు. ఐదు గ్యాలన్లు (సుమారు 20 లీటర్లు), వేడి ఊరు అయితే 1/2 అంగుళం రాగి చుట్ట, పాండ్ పంపు, గరిటె కలిపి నా ఓటు. పంపు, క్లాంపులు, గొట్టాలతో నా మొత్తం ఖర్చు నూట అరవై డాలర్ల లోపే అయింది. ఇప్పటి చుట్టలో ఒక్క లోటు మిగిలింది. నీరు ముందు లోపలి చుట్టలోకి వెళ్ళి, వేడెక్కాక బయటి చుట్టకు చేరుతోంది. వచ్చే వేసవిలోపు ఆ మధ్య ముక్కను కోసి, డేగిశా బయట రెండు దారుల అతుకు పెట్టి, రెండు చుట్టలకూ ఒకేసారి చల్లటి నీరు అందేలా మార్చబోతున్నాను.