బ్యాటరీతో పాటే జ్ఞాపకం కూడా: జీపీఎస్ ఉన్న చేతి కంప్యూటర్‌తో నాలుగేళ్ళు

2004 వేసవిలో మా అమ్మానాన్నలు తొలిసారి న్యూజెర్సీలో మేముండే ఎడిసన్‌కు వస్తున్నారన్న హడావుడిలో ఈ చేతి కంప్యూటర్‌ను కొన్నాను. వెనక మడత విప్పితే జీపీఎస్ ఏంటెన్నా నిలబడుతుంది. రబ్బరు కప్పుతో కారు అద్దానికి అంటిస్తే దారి చెబుతుంది. ఆఫీసులో అదే నా ఫోన్ నంబర్లూ మీటింగులూ గుర్తుపెట్టుకుంటుంది. తెర ఎంత, ప్రాసెసర్ ఎంత అన్నవి అట్టపెట్టె మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నాలుగేళ్ళ తర్వాత కూడా దీని మీద నాకు చల్లారని కోపం ఒక్కటే. మనం ఎక్కించిన ప్రోగ్రాములు, రాసుకున్న వివరాలు అన్నీ ఇది ర్యామ్‌లోనే, అంటే కరెంటు అందుతున్నంతసేపే నిలిచే జ్ఞాపకంలోనే దాచుకుంటుంది. ఛార్జి పూర్తిగా అయిపోయాక మళ్ళీ వెలిగించామంటే కొన్ననాటి ఖాళీ పలకే చేతికొస్తుంది. ఈ సంగతి వాడుక పుస్తకంలో ఎక్కడో ఉందట. చదవకపోవడం నా తప్పే.

మొదటి రెండు నెలలూ కనబడిన ప్రతివాడికీ దీన్ని కొనమని చెప్పిన మాట నిజం. ఎడమకు తిరగాలంటే ముందు కుడివైపు చీలి చుట్టి రావలసిన న్యూజెర్సీ జగ్‌హ్యాండిల్ మలుపుల దగ్గర, ఆ చీలిక రాకముందే నన్ను హెచ్చరించిన మొదటి ప్రాణి ఇదే. పౌరులకిచ్చే జీపీఎస్ సంకేతంలో కావాలని కలుపుతూ వచ్చిన దోషాన్ని అమెరికా ప్రభుత్వం 2000 మే నెలలో ఆపేయకపోయి ఉంటే, పక్కపక్కనే సాగే రెండు రోడ్లలో మనం ఏ రోడ్డు మీద ఉన్నామో పోల్చుకోవడం దీని తరమయ్యేది కాదు.

ఆ సెప్టెంబరులో పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడికి బయలుదేరాము. సుమారు 350 మైళ్ళ దారి. ఇంత యంత్రం ఉండగా కాగితం ఎందుకని మ్యాపు ప్రింటు కూడా తీయలేదు. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు మీద బ్లూ మౌంటెన్, కిటటిన్నీ, టస్కరోరా సొరంగాలు దాటేటప్పుడు ఉపగ్రహాలు అందక బాణం గుర్తు నిలిచిపోవడం, బయటికి రాగానే ఉలిక్కిపడి ముందుకు దూకడం చూసి మా నాన్నగారు ముచ్చటపడ్డారు. అలెగెనీ సొరంగం దాటాక ఎక్కడో సిగరెట్ లైటర్ సాకెట్‌లో ఛార్జరు కాస్త వదులైంది. మధ్యాహ్నపు ఎండలో తెర కనబడక వెలుతురు పూర్తిగా పెంచి ఉంచాను కనుక మిగతా దారంతా అది బ్యాటరీనే తాగింది. నేను గమనించలేదు. గుడి దగ్గర దాన్ని ఆపకుండానే డ్యాష్‌బోర్డు అరలో పెట్టి దర్శనానికి వెళ్ళిపోయాను.

రాత్రి ఎనిమిదికి పులిహోర పొట్లాలతో తిరిగొచ్చి, ఛార్జరు గట్టిగా నొక్కి మీట నొక్కితే తెర మీద ఒక కూడిక గుర్తు ప్రత్యక్షమైంది. దాని నడిమధ్య స్టైలస్ పుల్లతో తాకమంటుంది. తాకితే మరో మూలకు జరిగి మళ్ళీ తాకమంటుంది. నాలుగు మూలలూ అయ్యాక స్వాగతం పలికి, తేదీ ఎంత, ఏ ఊరి సమయం అని అడిగింది. నాన్నగారు వెనక సీట్లోంచి తొంగిచూసి, "ఇదేమిట్రా, మళ్ళీ అక్షరాభ్యాసం మొదలుపెట్టింది?" అన్నారు. మ్యాపులు విడిగా దూర్చిన మెమరీ కార్డులో భద్రంగానే ఉన్నాయి, వాటిని తెరిచే ప్రోగ్రాము మాత్రం లేదు. దాన్ని మళ్ళీ ఎక్కించాలంటే ఎడిసన్‌లోని కంప్యూటరూ, దాని పక్కన పెట్టిన సీడీ అట్ట మీది సంఖ్యా కావాలి.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి తగిలింది. ఆ రాత్రి హారిస్‌బర్గ్‌లో మిత్రుడి ఇంట్లో ఆగాలనుకున్నాము. అతని చిరునామా, ఫోన్ నంబరు, రెండూ ఇందులోనే ఉండేవి. నావిగేషన్ కోసం ప్రత్యేకంగా పెట్టె కొనుక్కుని ఉంటే దారి ఒక్కటే పోయేది. రెండు పనులకూ ఒకటే చాలుననుకున్నందుకు దారితో పాటు గమ్యం కూడా పోయింది. నాన్నగారు గుడిలోకి వెళ్ళి ఎవరినో అడిగి, అర్చన రశీదు వెనక బాల్‌పెన్నుతో మన్రోవిల్ దాకా దారి గీయించుకొచ్చారు. అక్కడ టర్న్‌పైక్ ఎక్కి తిన్నగా ఇంటికే వచ్చేశాము. చేరేసరికి రెండున్నర దాటింది. మిత్రుడి భార్య పదకొండు దాకా వంట వేడి చేసి ఎదురుచూశారని మర్నాడు తెలిసింది.

ఆ తర్వాత దీనితో రాజీపడ్డాను. ప్రోగ్రామును ర్యామ్‌లో కాక కార్డులోనే ఎక్కించాను, ఆదివారం ఆదివారం వివరాలన్నీ కార్డులోకి నకలు తీస్తాను. ఆపేసి ఉంచినా ఆ ర్యామ్ కోసం బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. నెల రోజులు ఇండియా వెళ్ళి వచ్చేసరికి డ్రాయరులో రెండోసారి ఖాళీ అయింది గానీ ఈసారి అరగంటలో కోలుకుంది. దారి చూపడంలో తిరుగులేదని మొదట్లో చెప్పినదాన్ని కూడా కొంత తగ్గించుకోవాలి. ఒక్కో ఉపగ్రహం తన స్థాన వివరాలను 30 సెకన్లకొకసారి ప్రసారం చేస్తుంది, కనీసం నాలుగింటి నుంచి అవి తెగకుండా అందాలి. చెట్ల కింద కదులుతూ వెలిగిస్తే అది కుదరక నాలుగైదు నిమిషాలు మౌనంగా ఉండిపోతుంది. ఇంటి ముందు కారు కదపకుండా కాసేపు ఆగడం నాకు అలవాటైంది, మా ఆవిడకు కాలేదు.

2005 తర్వాత వచ్చిన రకాల్లో వివరాలు ఫ్లాష్ మెమరీలో ఉంటాయి కనుక బ్యాటరీ పోయినా చెరిగిపోవు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ముందు చూడవలసింది అదే. నా మట్టుకు నాకు కారు ఒక్కటే, నెలకు ఒకటి రెండు దూర ప్రయాణాలు, ఆఫీసు కంప్యూటర్ ఎప్పుడూ చేతికి అందుబాటులోనే. అందుకే దీన్ని ఇంకా వాడుతున్నాను. రోజూ కొత్త ఊళ్ళు తిరిగే ఉద్యోగమైతే ఈపాటికి అమ్మేసి వేరే పెట్టె కొనుక్కుని ఉండేవాణ్ణేమో. ఆ రశీదు మాత్రం డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది. హారిస్‌బర్గ్ మిత్రుడి నంబరు కూడా దాని మీదే రాసుకున్నాను.