గ్వాంగ్‌ఝౌలో మా వదిన మోకాళ్ళ వైద్యం

గ్వాంగ్‌ఝౌ వెళ్ళి చైనా మూలికా వైద్యం చేయించుకుందాం అనుకునేవాళ్ళకి ముందుగా ఒక మాట. టూరు వ్యాను ఆపిన చోట నాడి చూపించుకోకండి. ఆ ఊరివాళ్ళు చీటీ తీసుకుని వరసలో కూర్చునే ఆసుపత్రికి వెళ్ళండి. మేము రెండూ చూశాం. మొదటి చోట పడ్డ బాధ నాకింకా తగ్గలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మావారిది విజయవాడలో శానిటరీ సామాన్ల వ్యాపారం. 1957 నుంచి గ్వాంగ్‌ఝౌలో ఏటా రెండుసార్లు జరిగే పెద్ద వ్యాపార ప్రదర్శన కాంటన్ ఫెయిర్‌కి అప్పుడప్పుడూ వెళ్ళొస్తుంటారు. ఈ ఏప్రిల్‌లో నన్నూ, వాళ్ళ అక్కనీ కూడా తీసుకెళ్ళారు. వదినకి మోకాళ్ళ నొప్పులు. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సిందే. సూదుల వైద్యంతో (ఆక్యుపంక్చర్) తగ్గుతుందని ఎవరో చెప్పగా విని, ఆశతో బయల్దేరింది. మా నాన్నగారు ఆయుర్వేద వైద్యులు. అతిమధురం, శొంఠి వాసనల మధ్య పెరిగినదాన్ని కాబట్టి నాకూ చూడాలని ఉంది.

ప్రయాణం హాయిగా జరిగింది. హోటల్ గది రోజుకి 320 యువాన్లు, శుభ్రంగా ఉంది. యువాన్ అంటే మన డబ్బుల్లో పన్నెండు రూపాయల పైమాటే, లెక్క మీరు వేసుకోండి.

మావారికి ఫెయిర్ పని లేని రోజున ఊరు చూద్దామని ఒక టూరు కట్టించుకున్నాం. తలకి 180 యువాన్లు, భోజనంతో సహా. పొద్దున చెన్ వంశీకుల ఆలయం, షామియన్ ద్వీపం చూపించారు, రెండూ బాగున్నాయి. మధ్యాహ్నం మేం అడక్కుండానే వ్యాను ఒక నాలుగంతస్తుల భవనం ముందు ఆగింది. లోపల అంతా తెల్లకోట్లు. గోడ నిండా ఎవరెవరితోనో దిగిన ఫోటోలు. సంప్రదాయ వైద్య పరిశోధన కేంద్రమని, టూరులో భాగమని, ఏమీ ఇవ్వక్కర్లేదని గైడమ్మాయి చెప్పింది. మూలికలు వేసిన వేడినీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టమన్నారు. వదినకి ప్రాణం లేచొచ్చింది. కాళ్ళు నీళ్ళలో ఉండగానే 'ప్రొఫెసర్' గారు వచ్చారు. ఇంగ్లీషు బాగా మాట్లాడతారు. ఒక్కొక్కరి మణికట్టు అర నిమిషం పట్టుకున్నారో లేదో, వదినకి కిడ్నీలు బలహీనమన్నారు, నాకు లివర్‌లో వేడి అన్నారు, మావారికి రక్తం చిక్కబడిందన్నారు. మూడు నెలల మందు 6,800 యువాన్లట, ఒక్కొక్కరికి!

నాడి చూడడమంటే ఏమిటో నాకు తెలుసు. నాన్నగారు రోగిని కూర్చోబెట్టి ఆకలి ఎలా ఉంది, నిద్ర పడుతోందా, విరేచనం ఎలా అవుతోంది అని అడిగి అడిగి, ఆ తర్వాతే చెయ్యి పట్టుకునేవారు. చైనా పద్ధతిలోనూ అంతే. రెండు చేతులూ చూడాలి, మూడు వేళ్ళతో పైపైన ఒకసారి, అదిమి ఒకసారి పట్టాలి, నాలుక మీద పాచి చూడాలి. ఈయన వదినని నోరు తెరవమని కూడా అనలేదు. పైగా కిడ్నీల పేరెత్తి ఆవిడని హడలగొట్టారు. "నిజంగా కిడ్నీలేరా తమ్ముడూ?" అని వదిన మావారిని మూడుసార్లు అడిగింది. ఒంట్లో బాగాలేని పెద్దావిడకి టెన్షన్ పెట్టి డబ్బు లాగే మనిషిని వైద్యుడనడం నాకు ఇష్టం లేదు.

మందు వద్దన్నాం. అప్పుడు కింద దుకాణంలోకి తీసుకెళ్ళారు. అక్కడ ఒకమ్మాయి నల్లగా గట్టిగా ఉన్న సాన్‌చీ అనే మూలిక దుంపలు చూపించి, నొప్పులకి మంచిదని చెప్పి, క్యాలిక్యులేటర్‌లో 98 నొక్కింది. పోనీ ఇదైనా కొందామని వదిన తలూపింది. అంతే, గుప్పెళ్ళకొద్దీ దుంపలు మిషన్లో పోసి పిండి పట్టేసింది. బిల్లు 2,940 యువాన్లు! 98 అనేది పది గ్రాములకట, పొడి మూడు వందల గ్రాములట. పొడి చేసిన సరుకు వెనక్కి తీసుకోరట. మావారు గొంతు పెంచారు. గైడమ్మాయి ఫోన్ చూసుకుంటూ నిలబడింది. ఇద్దరు మగవాళ్ళొచ్చి గుమ్మం దగ్గర నిలుచున్నారు. వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్న తెనాలి అబ్బాయి ఒకడు మాకు తెలుసు. ఫోన్ చేస్తే, స్పీకర్ ఆన్ చేయమని, చైనా భాషలో వాళ్ళతోనే మాట్లాడాడు. 12315 అన్న అంకె మాత్రం నాకు అర్థమైంది. అది ఆ దేశంలో వినియోగదారుల ఫిర్యాదుల నంబరు. ఆ మాట వినగానే వాళ్ళ స్వరం మారింది. చివరికి 'పిండి పట్టిన కూలి' అని 200 యువాన్లు తీసుకుని వదిలారు. పొడి అక్కడే వదిలేసి వచ్చాం. వ్యానులో ఎవరూ మాట్లాడలేదు. వదిన ఆ రాత్రి అన్నం తినలేదు, నా మోకాళ్ళ వల్లే మీకీ గొడవ అంటూ పడుకుంది.

మర్నాడు పంతం కొద్దీ నేను వదినని వెంటబెట్టుకుని చింగ్‌పింగ్ మూలికల బజారుకి వెళ్ళాను. మెట్రోలో హువాంగ్‌షా స్టేషన్ దగ్గర దిగితే నడిచి వెళ్ళే దూరం. చైనాలో ప్రైవేటు వ్యాపారానికి తలుపులు తెరుచుకుంటున్న 1979లో మొదలైన బజారు ఇది. బస్తాల్లో ఎర్ర ఖర్జూరాలనే చైనా రేగుపళ్ళు, గోజీ పండ్లు, చక్రాలుగా తరిగిన వేర్లు, ఎండిన కమలా తొక్కలు. ఆ పక్కనే ఎండబెట్టిన తేళ్ళు, సముద్రపు గుర్రాలు, జింక కొమ్ములు. వదిన కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గబగబా నడిచింది. సాన్‌చీ దుంపల్ని అరకిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్కతో అమ్ముతారు. తక్కువ దుంపలు తూగితే పెద్దవన్నమాట, ధర ఎక్కువ. మాకు చూపించినలాంటివే అక్కడ అరకిలో 130 యువాన్లు. ముందురోజు మేం వద్దన్న పొడికి వాళ్ళు కట్టిన ధర చూస్తే అరకిలో 4,900 పడుతుంది!

ఇక్కడ కొనదగినది కమలా తొక్క. గ్వాంగ్‌ఝౌకి దక్షిణాన ఉన్న షిన్‌హుయ్ తొక్కకి పేరు. కనీసం మూడేళ్ళు నిలవ ఉంటేగానీ మందుకి పనికిరాదంటారు. ఏళ్ళు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. ఎన్నేళ్ళదో మనం కనిపెట్టలేం కాబట్టి ఇరవై ఏళ్ళది, ముప్పై ఏళ్ళది అంటే నమ్మకండి. మూడేళ్ళది వంద గ్రాములు 35 యువాన్లకి తీసుకున్నాను. వేడినీళ్ళలో వేసుకుంటే కడుపు ఉబ్బరానికి బాగుంది.

ఇక ఆసుపత్రి. ఊళ్ళో అందరూ చెప్పేది దాదె రోడ్డులోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్ర సంప్రదాయ వైద్య ఆసుపత్రి గురించి. 1933లో పెట్టినది, చాలా పెద్దది, రద్దీ కూడా అంతే. తెనాలి అబ్బాయి మమ్మల్ని రద్దీ తక్కువగా ఉండే ఇంకో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పాస్‌పోర్టు చూపిస్తే పేరు రాసుకున్నారు, చీటీకి 20 యువాన్లు. గంటంపావు కూర్చున్నాం. చుట్టూ అందరూ ఆ ఊరి ముసలివాళ్ళే, ఫ్లాస్కుల్లో వేడినీళ్ళతో. అది చూసే నాకు సగం ధైర్యం వచ్చింది.

డాక్టరమ్మకి యాభై ఏళ్ళుంటాయి. ముందు ఎక్స్‌రే తీయించమంది. మోకీళ్ళు అరిగాయని ఫిల్ములో చూపించింది. తర్వాత రెండు మణికట్లూ పట్టుకుంది, నాలుక చూసింది. చలికి ఎక్కువవుతుందా, వానకి ఎక్కువవుతుందా, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా అని అడిగింది. వేసుకునే మాత్రలన్నీ బల్ల మీద పెట్టమంది. బీపీ మాత్ర చూడగానే, మందులో అతిమధురం వెయ్యనంది. అది బీపీ పెంచుతుందని నాన్నగారు కూడా చెప్పేవారు. అక్కడే నాకు ఆవిడ మీద గురి కుదిరింది.

శాకాహారులు మాత్రం ముందే చెప్పాలి. కీళ్ళ నొప్పుల మందుల్లో ఎండబెట్టిన వానపాము వేయడం అక్కడ మామూలే. గాడిద తోలు జిగురు, తేలు, కీచురాళ్ళు విడిచిన పొర కూడా మందుల్లోకి వెళ్తాయి. మేం శాకాహారులమని తెనాలి అబ్బాయి చెప్పగానే డాక్టరమ్మ కంప్యూటర్‌లో ఒక వరస కొట్టేసి, దాని బదులు ఇంకో వేరు టైపు చేసింది. విసుక్కోలేదు, నవ్వలేదు.

సూదుల గదిలో తెర వేసిన మంచాలు. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సూది వెంట్రుకంత సన్నం, ఒక్కసారి వాడి పారేసేది, ప్యాకెట్టు మన ముందే చింపుతారు. మోకాలి చిప్ప కింద రెండు పక్కలా ఉన్న గుంటల్లో ఒక్కొక్కటి, చిప్పకి నాలుగు వేళ్ళ కింద బయటివైపు ఒకటి గుచ్చి, మెల్లగా తిప్పింది. "పాదం దాకా జివ్వుమంది" అంది వదిన. ఆ జివ్వుమనడం కోసమే తిప్పుతారట. తర్వాత మాచిపత్రి జాతి ఆకుని దూదిలా నలిపి చుట్టిన చిన్న ముక్కని సూది తలకి గుచ్చి వెలిగించింది. నిప్పు రాలి చర్మం కాలకుండా కింద చీలిక పెట్టిన అట్టముక్క అమర్చింది. గది నిండా ఘాటైన పొగ. సూది గుండా వేడి లోపలికి దిగుతుంది. పావుగంట గడిచేసరికి వదిన గుర్రుపెట్టి నిద్రపోయింది.

సూదులకీ పొగకీ కలిపి 138 యువాన్లు, ఎక్స్‌రే 90, ఏడు రోజుల కషాయం కాచినందుకు కూలితో సహా 236. మొత్తం చీటీతో 484. కషాయం వాళ్ళే కాచి, పూటకొక ప్లాస్టిక్ పొట్లంలో సీలు చేసి ఇస్తారు. పొట్లాన్ని వేడినీళ్ళ గ్లాసులో నిలబెట్టి, గోరువెచ్చగా రోజుకి రెండుసార్లు తాగాలి. ఏడో శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావ్ గ్రంథంలోని యోగమట, అందులో కొద్ది మార్పులు చేసింది. దాల్చినచెక్క వాసన మాత్రం నేను పట్టగలిగాను. పథ్యం కూడా మనలాంటిదే. చల్లనీళ్ళు వద్దు, ఐస్‌క్రీమ్ వద్దు, మోకాళ్ళకి ఏసీ గాలి తగలనివ్వద్దు.

తగ్గిందా అంటే, ఆ సాయంత్రం మెట్రో మెట్లు కమ్మీ పట్టుకోకుండా దిగింది. రెండోసారి సూదులు వేయించుకున్నాక ఇంకొంచెం నయం. అరిగిన కీలు మళ్ళీ పెరగదని, కనీసం పదిసార్లు వేయించుకుంటే నొప్పి అదుపులో ఉంటుందని, తొడ కండరాలకి వ్యాయామం చేయాల్సిందేనని డాక్టరమ్మే చెప్పింది. పూర్తిగా పోగొడతానని అనలేదు.

మూలిక కదా ఏం చేస్తుందిలే అనుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడడానికి చైనా మూలికలు వాడిన ఆడవాళ్ళలో చాలామందికి కిడ్నీలు పాడయ్యాయి. ఒక మూలిక స్థానంలో అరిస్టలోకిక్ ఆమ్లం ఉన్న ఇంకో మూలిక కలవడం వల్ల జరిగింది అది. అందుకే వేరు చూసి గుర్తుపట్టే మనిషి, రసీదు ఇచ్చే ఫార్మసీ ఉన్నచోటే తీసుకోండి.

తిండి విషయంలో వదిన మొదట్లో బిక్కమొహం వేసింది. గ్వాంగ్‌ఝౌ వాళ్ళు గంటలకొద్దీ కాచే మూలికల సూపుల్లో పంది మాంసమో కోడో తప్పదు. దాఫో బౌద్ధాలయం దగ్గర శాకాహార భోజనం దొరికాక ఆవిడ మొహం విప్పారింది. తామరగింజలు, తెల్ల పుట్టగొడుగు, ఎర్ర ఖర్జూరం, గోజీ వేసి కాచిన తియ్యటి చారు రెండు గిన్నెలు తాగింది. గిన్నె 16 యువాన్లు. నల్లటి జెల్లీ ఒకటి ఎక్కడ చూసినా అమ్ముతారు, దాన్ని తాబేటి చిప్పతో చేస్తారు, శాకాహారులు జాగ్రత్త.

వీధి చివర మూలికల కషాయం అమ్మే కొట్లు ఇంకో ఆనందం. వేపుళ్ళు తిని ఒంట్లో వేడి చేసిందని మనం మజ్జిగ తాగినట్టు, ఆ ఊరివాళ్ళు ఈ చేదు కషాయం తాగుతారు. 1828 నాటి వాంగ్‌లావ్‌జీ కషాయమే ఇప్పుడు ఎర్ర డబ్బాల్లో తియ్యగా వస్తోంది. అది వద్దు, కొట్లో ఇరవై నాలుగు మూలికలదని అడిగి తాగండి, గ్లాసు 9 యువాన్లు. నేలవేముకి తీసిపోని చేదు. మావారు ఒక గుక్కతో ఆపేశారు, నేను రోజూ తాగాను.

ఒక రోజు ఖాళీ ఉంటే లువోఫు కొండకి వెళ్ళండి. నాలుగో శతాబ్దంలో గె హోంగ్ అనే తావో వైద్యుడు అక్కడ ఉండేవాడు, మూలికలు కడిగాడని చెప్పే కొలను ఉంది. జ్వరానికి చింగ్‌హావ్ అనే మొక్కని నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని ఆయన రాశాడు. కాచమనలేదని గమనించిన చైనా శాస్త్రవేత్త తూ యూయూ, వేడి తగిలితే గుణం పోతుందేమోనని ఈథర్‌తో సారం తీసి 1971లో మలేరియాపై ఫలితం సాధించారు. 2015లో నోబెల్ వచ్చింది. దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లో. ఈ సంగతి చెబితే కొలను దగ్గర మావారు కూడా ఆగి నిలబడ్డారు. నాన్నగారు ఉంటే ఎంత సంతోషించేవారో.

తెనాలి అబ్బాయి ఆ దుకాణం మీద ఫిర్యాదు పెట్టాడు. వారంలోపే 200 యువాన్లు వెనక్కి వచ్చాయి. బిల్లు ఫోటో, పొడి పట్టిన మిషన్ ఫోటో ఉండబట్టే వచ్చాయట, కాబట్టి ఎక్కడ కొన్నా ముందు ధర అరకిలోకా, పది గ్రాములకా అని రాయించుకుని ఫోటో తీసుకోండి, ఆ తర్వాతే మిషన్లో పోయనివ్వండి. ఆసుపత్రి ఇచ్చిన మందుచీటీ కూడా పారేయకండి. వదిన దాన్ని ఇంగ్లీషులోకి మార్పించి గుంటూరులో తన డాక్టరుకి చూపించింది. ఆయన బీపీ చూసి, కిడ్నీ పరీక్ష చేయించి, బాగున్నాయన్నారు. ఆ 'ప్రొఫెసర్' పెట్టిన భయం ఆవిడకి పోయింది అప్పుడే.